ల్యాప్‌టాప్ కోసం వచ్చిన అమ్మ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. బస్సు డిపోలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, పడుకోవాల్సిన వేళ పడుకోకుండా, ఉతికిన చొక్కా వేసుకుని ముందుగదిలో స్టూలు మీద కూర్చున్న నాన్న. గోడవార మంచం మీద, కాళ్ళు కిందికి వేలాడేసుకుని నాయనమ్మ. వాళ్ళిద్దరికీ ఎదురుగా, గుమ్మం దగ్గరి కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అమ్మ. లోపలి గదిలో, కిటికీ కింద బల్ల దగ్గర అమ్మాయి. బల్ల మీద వెలుగుతూ ఆరుతూ ల్యాప్‌టాప్. దాన్ని మనుషులతో కలిపి లెక్కెయ్యడమేమిటని ఎవరైనా అడగొచ్చు, కానీ ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ మాట్లాడుకున్నది దాని గురించే, దానికి ఎలా ఉందని అడిగినన్ని సార్లు అమ్మాయికి ఎలా ఉందని ఎవరూ అడగలేదు, అందుకని లెక్కెయ్యాల్సిందే. అసలు తేలనిది అమ్మ సంగతి. అమ్మను ఉన్నవాళ్ళలో వెయ్యాలా, వచ్చినవాళ్ళలో వెయ్యాలా? ఆ కుర్చీ అమ్మ బేరమాడి కొన్నదే, కిటికీ తెర అమ్మ కుట్టిందే, వంటింట్లో ఏ డబ్బా మూత గట్టిగా పట్టేస్తుందో చీకట్లో కూడా చెప్పగలిగింది అమ్మే. అయినా అమ్మ కుర్చీలోంచి లేవలేదు, దాహమేస్తోందని కూడా అనలేదు. నాయనమ్మే లేచి, ఎవరైనా వస్తే తప్ప బయటికి తియ్యని గాజుగ్లాసులో నీళ్ళు తెచ్చి, "తీసుకోండి" అంది.

తీసుకోండి. ఆ ఒక్క మాట గోడ దాటి లోపలి గదిలోకి వచ్చి అమ్మాయి మెడ మీద తడిచెయ్యి వేసినట్టయింది. ఏమే, ఒసే, నీక్కాదుటే చెప్పేది అని తప్ప కోడల్ని ఇంకోలా పిలిచి ఎరగని నాయనమ్మ, పెరట్లో నుంచుని పిలిస్తే వీధి మొగదల ఉన్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసే గొంతున్న నాయనమ్మ, ఇవాళ గొంతు తగ్గించి, వాక్యం చివర బహువచనం పెట్టి మాట్లాడుతోంది. అమ్మ గ్లాసు అందుకుని, అత్తయ్యా, నన్ను మీరు అనకండి అంది మెల్లగా. "బయటివాళ్ళని మీరనే అంటాం మేము" అంది నాయనమ్మ, "మర్యాద తెలియనివాళ్ళం కాదు." అమ్మ నీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది, ఒక్క గుక్క, ఆ తర్వాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తిట్టినా బాగుండేది అనుకుంది అమ్మాయి. తిట్టి ఉంటే అమ్మ ఇంటిమనిషిగానే వచ్చినట్టు. అమ్మ తిట్లకు కూడా నోచుకోలేదు, టైపు పని ఇచ్చే అచ్చాఫీసాయన ఇంటికి వెళ్ళిపోయిన రోజున తిట్లతో సహా అన్నీ ఇక్కడే వదిలేసి వెళ్ళింది, గ్లాసులూ కుర్చీలూ తెరలూ, ఈ ల్యాప్‌టాపూ, ఇంకా.

ఇంకా అన్నచోట ఆగిపోయి అమ్మాయి బటన్ నొక్కింది. అంచున చిన్న తెల్లదీపం వెలిగింది. లోపల ఫ్యాను ఊపిరి తీసుకుంది. నల్లటి తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, దాని కింద చుక్కలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. తిరిగాయి, తిరిగాయి, ఇక తెరుచుకుంటుందనుకునే క్షణంలో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానని గుర్తొచ్చిన మనిషిలా ఒక్కసారి ఉలిక్కిపడి ఆరిపోయింది. కాసేపటికి తనంతట తనే మళ్ళీ వెలిగింది. ఇదే దాని జబ్బు. పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఏ బాధా లేదు, ఎవరో ఒకరు పాత సామాను వాళ్ళకి ఇచ్చేసేవాళ్ళు, పూర్తిగా బతికి ఉన్నా బాధ లేదు. ఇది రెండూ కాదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయే మనిషి లాంటిది, అనుకుంది, అనుకుని, ఆ పోలిక తనకే నచ్చక కిటికీలోంచి బయటికి చూసింది. తీగ మీద నాన్న డిపో బట్టలు ఆరుతున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా పోని నల్లమరకలు, ఆ మరకలు వదలగొట్టే ఉపాయం అమ్మకే తెలుసు, నాయనమ్మ ఉతికితే మరక చొక్కా అంతా పాకుతుంది.

అమ్మ ఫోనులో చెప్పింది, నేనొచ్చి చూస్తాను, బాగయ్యేదైతే తీసుకెళ్ళి బాగుచేయించుకుంటాను, కాకపోతే అక్కడే పడుండనీ అని. ఆ మాట విన్నప్పటి నుంచీ అమ్మాయి కడుపులో ఒక లెక్క పెరుగుతోంది. ఎవరికీ చెప్పని లెక్క, చెప్తే దిష్టి తగులుతుందేమోనని తనలో తను కూడా మెల్లగానే అనుకునే లెక్క. ల్యాప్‌టాప్ బాగుపడుతుంది. బాగుపడితే అమ్మ తీసుకెళ్తుంది. తీసుకెళ్తే మళ్ళీ టైపు పని మొదలుపెడుతుంది. పని మొదలుపెడితే చదివిపెట్టే మనిషి కావాలి. చదివిపెట్టేది తనే. కాబట్టి అమ్మ ఇక్కడికొచ్చి, ల్యాప్‌టాప్ మూత వేసి, చార్జరు చుట్టి సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, మరి నువ్వు రావా అంటుంది. అనాలి. అమ్మా నాన్నా విడిపోయేటప్పుడు పెద్దవాళ్ళు కూర్చుని, బడి ఇక్కడే ఉంది కదా, పిల్ల ఇక్కడే ఉంటుందిలే అని తేల్చేశారు. ఎక్కడుంటావే అని తనని ఎవరూ అడగలేదు, అడిగినా తను నీళ్ళు నమిలేదే తప్ప సమాధానం చెప్పేది కాదు, అది అందరికీ తెలుసు. అమ్మ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం ఏమిటో అమ్మాయికి ఇప్పటికీ అర్థం కాలేదు. బస్సులో, బడిలో, అన్నం ముందు కూర్చుని, దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూనే ఉంటుంది. అడిగితే కాదంటారేమోనని భయపడి మాట్లాడలేదా, లేక.

మళ్ళీ నొక్కింది. దీపం, ఫ్యాను, గుర్తు, చుక్కలు.

నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు ఆమెను. ఊరి బడిలో టీచరు లేచి పాఠం చదవమంటే లేచేది, పుస్తకం తెరిచేది, అక్షరాలు కళ్ళకు కనిపించేవి, గొంతు మాత్రం గుటకల దగ్గరే ఆగిపోయేది, వెనక బెంచీ వాళ్ళు మూగి అని పేరు పెట్టారు. కానీ ఇంట్లో, ఈ బల్ల దగ్గర, అమ్మ పక్కన కూర్చుని చేతిరాత కాగితాలు పట్టుకుంటే ఎక్కడినుంచి వచ్చేదో ఆ గొంతు. అచ్చుకు ఇచ్చేవాళ్ళ రాతలన్నీ కోడి కెలికినట్టుండేవి, ఒక కన్ను కాగితం మీదా ఒక కన్ను తెర మీదా పెట్టి కొడితే అమ్మకు తలనొప్పి వచ్చేది, అందుకని అమ్మాయి చదివేది, అమ్మ కొట్టేది. ఏదీ వదలకుండా చదవాలి, కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి, పేరా మారితే కొత్త పేరా అనాలి. అలా ఆమె ఎముకల డాక్టరు వ్యాసాలు చదివింది, భూమి కొలతల పుస్తకం చదివింది, రైళ్ళలో టిక్కెట్లు చూసి రిటైరైన ఒకాయన తన జీవితమంతా రాసుకుంటే అదీ చదివింది, పక్కింటివాళ్ళకు కూడా వినిపించేంత గట్టిగా, తడబడకుండా. అవి తన మాటలు కాదు గదా, అందుకే భయం లేదు. ఎవరి మాటలో తన నోటి మీదుగా అమ్మ చేతుల్లోకి పోయేవి, ఆ పోవడంలో ఒక హాయి ఉండేది, తను ఒక కాలవలాగా, అమ్మ అవతలి పొలంలాగా. అమ్మ ఆమెను కామా అని పిలిచేది. కామా, నీళ్ళు పట్టుకురా. కామా, జడ వేస్తా రా. ఇవాళ అమ్మ గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఒకసారి ఆన్ చేసి పెట్టమ్మా, చూద్దాం" అంది. అమ్మా అని అందరూ అంటారు, కూరగాయలవాళ్ళూ అంటారు, కండక్టరూ అంటాడు.

అమ్మ చేతులకు ఒక అలవాటు. పని ఊపందుకున్నాక చెవిలో పడ్డది పడ్డట్టు వేళ్ళలోకి దిగిపోయేది, మధ్యలో మనసు ఆగి చూసేది కాదు. ఒకసారి తేనెటీగల పెంపకం మీద పుస్తకం నడుస్తోంది. బడి నుంచి వచ్చి ఏమీ తినకుండానే కూర్చుంది అమ్మాయి. గూడు ఇరుకైనప్పుడు పాత రాణి గూడు వదిలి వెళ్తుంది కామా సగం ఈగలు దాని వెంట వెళ్తాయి కామా అమ్మా ఆకలేస్తోంది కామా మిగిలినవి కొత్త రాణిని తయారు చేసుకుంటాయి ఫుల్‌స్టాప్. తను ఎప్పుడు అందో తనకే గుర్తులేదు. అమ్మ కొట్టేసింది. దిద్దినవాళ్ళ కంట పడలేదు, పుస్తకం అచ్చయిపోయింది, ఈగలు వెళ్ళే పేజీలో మధ్యన, అమ్మా ఆకలేస్తోంది. నాలుగు రోజుల తర్వాత అచ్చాఫీసాయన ఆ పుస్తకం, బిస్కెట్ల పొట్లం పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో ఆకలేస్తున్నది ఎవరికండీ?" అన్నాడు. అంతవరకు ఆయన కాగితాలు మనిషితో పంపేవాడు, మనిషితో తెప్పించుకునేవాడు, ఆయన ముఖం వీళ్ళెవరూ చూడలేదు. అమ్మ ఆ పేజీ చదివి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. లోపల ఉన్న అమ్మాయి ఎవరో చుట్టాలావిడ వచ్చిందేమో అనుకుంది, అమ్మ గొంతులో అలాంటి నవ్వు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆయనకు భార్య పోయిందనీ, అమ్మాయి ఈడు కూతురుందనీ, పుస్తకాల గురించి మాట్లాడుతూ నిలబడితే టీ చల్లారిపోయినా తెలియదనీ తర్వాత్తర్వాత తెలిసింది. ఆ బిస్కెట్లు తిన్నది మాత్రం తనే. పొట్లమంతా. మధ్యలో క్రీము ఉన్నవి. ఆ రోజు బడి నుంచి రాగానే ఇంత అన్నం తిని కూర్చుని ఉంటే, అనుకుంటూ ఉంటుంది ఇప్పుడు, ఒక ముద్ద, ఒక్క ముద్ద తిని కూర్చుని ఉంటే ఆ పేజీ ఈగలతోనే అయిపోయేది, ఎవరూ ఎవరి గుమ్మంలోకీ వచ్చేవాళ్ళు కాదు. మళ్ళీ ఆ నవ్వు గుర్తొస్తుంది. అమ్మను అలా నవ్వనివ్వకుండా ఉండాల్సిందని ఎలా అనుకోవడం? అలా అనుకునే కూతురిని ఏ అమ్మ మాత్రం తీసుకెళ్తుంది?

ముందుగదిలో నాయనమ్మ అంటోంది, అక్కడ అన్నీ ఉన్నాయట కదా, మెషిన్లూ కంప్యూటర్లూ గదినిండా, ఈ చచ్చు పెట్టె మీద పడిందేమిటి కన్ను అని. అమ్మకు కాదు, నాన్నకు చెప్తున్నట్టు చెప్తోంది. అమ్మ, అందులో నా అలవాటు ఉందండీ అత్తయ్యా, ఆ కీల మీద నా చెయ్యి నడిచినట్టు ఇంకోదాని మీద నడవదు అంది. "చెయ్యికి ఉన్నపాటి అలవాటు మనిషికి ఉంటే బాగుండు" అంది నాయనమ్మ. నాన్న గొంతు సవరించుకున్నాడు. నాన్న గొంతు సవరించుకుంటే ఇక నాయనమ్మ ఆపాలని అర్థం. ఆపింది. ముందుగది సీలింగు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది, ఆ ఫ్యానుకు మొన్న కొత్త బేరింగు వేసింది నాన్నే.

నాన్న చేతిలో పడ్డ సామాను చచ్చినట్టు బతకాల్సిందే అంటారు వీధిలో. పక్కింటి మిక్సీ, ఎదురింటి నీళ్ళ మోటారు, బడిలో గంట, ఎవరో పారేసిన పిల్లల సైకిలు. డ్యూటీ నుంచి వచ్చి కళ్ళు ఎర్రగా ఉన్నా సరే, గుమ్మంలో ఏదైనా పాడైన వస్తువు కనిపిస్తే నాన్న వంగి చేత్తో పట్టుకుని ఊపి చూస్తాడు, లోపల ఏది కదులుతోందో చెవి పెట్టి వింటాడు. పాడైన వస్తువు ఒకటి ఇంట్లో పడి ఉంటే నాన్నకు నిద్ర పట్టదు. అలాంటి నాన్న ఈ ల్యాప్‌టాప్‌ని మాత్రం అలాగే వదిలేశాడు. ఇది తన పని కాదని షాపతని దగ్గరికి తీసుకెళ్ళాడు నిజమే, అమ్మాయి కూడా వెంట వెళ్ళింది. షాపతను అడుగు భాగం విప్పి, బొటనవేలితో ఎడమ మూల నొక్కాడు. నొక్కేసరికి, ఎన్నడూ జబ్బు ఎరగనట్టు తెరుచుకుంది. వేలు తీశాడు, ఆరిపోయింది. బోర్డు మీద ఇక్కడ టంకం వదిలిందన్నా, వేడిచేసి మళ్ళీ వెయ్యాలి, పడిందా ఇంకో అయిదేళ్ళు ఢోకా లేదు, పడలేదా మొత్తానికి పోతుంది, చెయ్యమంటావా అన్నాడు. అమ్మాయి నాన్న వంక చూసింది. నాన్న, చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఆమె బట్టలు మడతపెడుతూ ఒకసారి, ఎప్పుడిద్దాం నాన్నా అంది, చూద్దాం అన్నాడు. పడుకోబోతున్నప్పుడు ఒకసారి అడిగింది, చూద్దాంలే అన్నాడు. నాన్న మీద ఆమెకు లోపల్లోపల కోపం పేరుకుపోయింది. అమ్మ వస్తువు కాబట్టే, అమ్మ మీద కసితోనే దీన్ని ఇలా కుళ్ళబెడుతున్నాడు అనుకుంది. ఆ కోపంతోనే నాన్నకు టీలో చక్కెర తగ్గించి వేసింది కొన్నాళ్ళు. నాన్న కనిపెట్టలేదు, కనిపెట్టినా అనలేదు.

"బాగవుతుందంటారా మరి?" అని అమ్మ అడుగుతోంది ముందుగదిలో. అమ్మాయి వేలు బటన్ మీద ఆగిపోయింది. నాన్న ఇవాళ అమ్మను నువ్వనీ అనడం లేదు, మీరనీ అనడం లేదు, కర్త లేని వాక్యాలు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతున్నాడు, ఫ్యాను వంక చూస్తూ మాట్లాడుతున్నాడని గోడ అవతలినుంచే తెలుస్తోంది.

"షాపతను చూస్తానన్నాడు. తొందరేముంది" అన్నాడు. కాస్త ఆగి, "మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు. అమ్మాయి ఆ మాటను చేతిలోకి తీసుకున్నట్టు తీసుకుని చూసింది. షాపతను ఎప్పుడో చూసేశాడు, చెప్పేశాడు కూడా. ఉతికిన చొక్కా. నిద్ర మానుకున్న కళ్ళు. పొద్దున నాన్న అద్దం ముందు నిలబడి, చెవుల పక్కన నెరిసిన జుట్టును తడిచేత్తో వెనక్కి అణచడం చూసి ఎక్కడికి వెళ్తున్నావు నాన్నా అని అడిగితే, ఎక్కడికీ లేదమ్మా అన్నాడు. ఏ వస్తువునూ పాడైనదాన్ని పాడైనట్టు వదలని మనిషి ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలాడో ఇన్నాళ్ళకు ఆమెకు తెలిసింది. ఇది బాగుపడితే అమ్మ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతుంది, ఇక ఈ గుమ్మంలోకి రావడానికి పని ఏమీ మిగలదు. పాడై ఉన్నన్నాళ్ళూ ఒక పని మిగిలి ఉంటుంది. తను బాగుపడాలని మొక్కుకుంటున్న వస్తువునే నాన్న బాగుపడకూడదని కాపలా కాస్తున్నాడు, ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం. చక్కెర తగ్గించిన టీలన్నీ ఒక్కసారిగా ఆమె గొంతులోకి వచ్చాయి. నేను వెళ్ళిపోతే నాన్న డ్యూటీ నుంచి వచ్చి తలుపు తట్టినప్పుడు ఎవరు తీస్తారు అనుకుంది, నాయనమ్మకు చెవులు సరిగా వినపడవు, గట్టిగా మాట్లాడేవాళ్ళకు చెవులు తక్కువే ఉంటాయి. అయినా వెళ్తావా? అయినా వెళ్తాను. ఆ జవాబు వెంటనే, సిగ్గు లేకుండా రావడం చూసి ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

అంతలో అమ్మ లోపలికి వచ్చింది. "వస్తోందా?" అంటూ, జరుగు అన్నట్టు భుజంతో తోసి, ఎప్పుడూ కూర్చునేవైపే కూర్చుంది. కొత్త సబ్బు వాసన. దాని కింద ఎక్కడో లోపల పాత అమ్మ వాసన. అమ్మాయి ఊపిరి మెల్లగా పీల్చింది, గబుక్కున పీలిస్తే అయిపోతుందేమోనన్నట్టు. అమ్మ బటన్ నొక్కింది, చుక్కలు తిరిగాయి, ఆరిపోయింది. "ఇంకా పోలేదూ దీని తిక్క" అని నవ్వి, మళ్ళీ నొక్కబోయింది. అమ్మాయి ఎడమ అరచెయ్యి తీసుకెళ్ళి కీల పక్కన మూల మీద ఆనించి, బరువంతా వేసింది. చుక్కలు తిరిగాయి, తిరిగాయి, తెరుచుకుంది. నీలం తెర, దాని మీద అమ్మ పాత ఫైళ్ళు, వరసగా, పేర్లతో. అమ్మ ముఖం మీద ఆ నీలం వెలుగు పడింది. అమ్మాయి చెయ్యి తియ్యలేదు.

అమ్మ కొత్త పేజీ తెరిచింది. వేళ్ళు విరుచుకుని కీల మీద పెట్టి, తెర వంక చూస్తూ, పాత గొంతుతో, పనిలో కూర్చున్నప్పటి గొంతుతో, "ఏదైనా చెప్పు, కొడతాను. కీలు పనిచేస్తున్నాయో లేదో చూద్దాం" అంది.

చదవడానికి ఎదురుగా కాగితం లేదు. బల్ల మీద బడి పుస్తకం ఉంది, తెరవొచ్చు, అందులోంచి ఏదో ఒకటి, నదుల పేర్లో కొండల ఎత్తులో. అమ్మ వేళ్ళు ఎదురుచూస్తున్నాయి. గుటక అడ్డం పడింది, దాన్ని మింగింది. ఇది నా మాట కాదు అనుకుంది, ఎవరో రాసిన కాగితం, నేను చదువుతున్నానంతే. అనుకుని, కళ్ళు మూసుకుని, పక్కింటికి వినిపించే ఆ గొంతు వెతుక్కుని, తడబడకుండా చదివింది. అమ్మా కామా నేను కూడా నీతో వస్తాను కామా నేను అక్కడి బడిలో చదువుకుంటాను కామా నాకు ఎక్కువ చోటు అక్కర్లేదు ఫుల్‌స్టాప్.

కీలు టపటప మోగాయి, ఆమె గొంతు ఆగిన క్షణానికే అవీ ఆగాయి. ఎక్కడా తప్పు పోలేదు. "భలే, అన్నీ బాగానే పడుతున్నాయే" అంది అమ్మ సంతోషంగా. మాటలు వేళ్ళలోంచి వెళ్ళిపోయాయి గానీ అమ్మదాకా ఇంకా రాలేదు. అమ్మాయి కళ్ళు తెరిచేసరికి అమ్మ తెర మీదికి కొంచెం వంగి, కొట్టిందేమిటో చదువుకుంటోంది. చదవడం అయిపోయింది. అయినా వంగే ఉంది. ముందుగదిలో నాయనమ్మ ఎవరి మీదో దగ్గింది. అప్పుడు అమ్మ కుడిచేతి వేలు ఒకటి మెల్లగా పైకి జరిగి, చెరిపే కీ మీద ఆగింది. ఫుల్‌స్టాప్ పోయింది. అక్కర్లేదు పోయింది. చోటు పోయింది. అమ్మ అదిమిపెట్టి గబగబా చెరపలేదు, ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం, కుట్టిన కుట్టు విప్పుతున్నట్టు. చివరికి అమ్మా అన్న మాట ఒక్కటే మిగిలింది, అదీ పోయింది, తెల్లపేజీ మీద నిలువుగీత ఒకటి మినుకు మినుకుమంటూ నిలబడింది.

"కీలు బాగున్నాయి" అంది అమ్మ. "మూల నొక్కితే వస్తోందిగా, బాగుచేయిస్తాను. పట్టుకెళ్తాను."

"మరి చదివేదెవరు?" అంది అమ్మాయి. ఈసారి ఎవరి గొంతూ అరువు తెచ్చుకోలేదు, బడిలో వచ్చే చిన్న గొంతే.

అమ్మ ఆమె వంక చూడలేదు. చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. "అక్కడ పిల్ల ఉంది కదా. నేర్చుకుంటోంది. కామాలు మరిచిపోతుంది, నీ అంత బాగా ఎక్కడ వస్తుందిలే, అయినా..." అని ఆగి, "వాళ్ళ అమ్మ పోయిన దగ్గర్నుంచి ఎవరి దగ్గరా కూర్చునేది కాదట. ఇప్పుడు నా పక్కన కూర్చుంటోంది. దాన్ని కాస్త..." అని మళ్ళీ ఆగింది.

అమ్మాయి ఊహలో ఆ పిల్ల కనిపించింది. ముఖం లేదు, కాగితాలు పట్టుకున్న చేతులు మాత్రం ఉన్నాయి. దానికీ గొంతు ఇలాగే వచ్చి ఉంటుంది, అమ్మ పక్కన కూర్చోగానే. దానికీ భయం పోయి ఉంటుంది. దాని మీద కోపం రాలేదు, అదే ఆశ్చర్యం, పాపం అనిపించింది, పాపం అనిపించిన ఆ చోటే ఎక్కువ నొప్పి పుట్టింది. ఈ కీలు, ఈ ఫైళ్ళు, తను చదివిన ఎముకలూ కొలతలూ ఈగలూ ఉన్న ఈ పెట్టె అక్కడికి వెళ్తుంది, దీని ముందు ఆ పిల్ల కూర్చుంటుంది, ఈవైపే, తను కూర్చున్నవైపే. గోడ అవతల నాన్న ఉతికిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు. అమ్మాయి ఎడమ చెయ్యి మూల మీదినుంచి పైకి లేచింది. ఎందుకు లేపిందో ఆలోచించే లోపే లేచింది. తెర ఆరిపోయింది.

"బాగుపడదట" అంది. "షాపతను చెప్పాడు. లోపల మొత్తం పోయిందట. ఇక్కడే ఉంచు."

అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకు తెలియదు. అమ్మ వాదిస్తుందనుకుంది, ఇప్పుడేగా వచ్చింది అంటుందనుకుంది, చెయ్యి పెట్టు మళ్ళీ అంటుందనుకుంది, అనాలని కోరుకుంది. అమ్మ నల్లటి తెర వంక చూసింది. అమ్మ భుజాలు కిందికి దిగాయి, దూరం నుంచి బరువు మోసుకొచ్చి దించినప్పుడు దిగినట్టు. "పోనీలే" అంది. "ఆయన కొత్తది కొందామనే అంటున్నారు. నేనే, అలవాటని." చేత్తో ల్యాప్‌టాప్ మూతను ఒకసారి నిమిరింది. "తేలిపోయింది, మంచిదైంది. ఇంక దీని కోసం మళ్ళీ మళ్ళీ రానక్కర్లేదు" అంది.

అప్పుడు అర్థమైంది తనేం చేసిందో. బాగుపడుతుందంటే అమ్మ వెళ్ళిపోతుంది, బాగుపడదన్నా వెళ్ళిపోతుంది. వెళ్ళకుండా ఉన్నది చూద్దాం అన్న మాటలో ఒక్కదాన్లోనే, నాన్న ఇన్నాళ్ళూ జాగ్రత్తగా ఎవరికీ చిక్కకుండా దాచుకున్న ఆ ఒక్క మాటలో, దాన్ని తను నాన్న తరఫునే అనుకుని చేజేతులా విరగ్గొట్టింది. నోరు తెరిచింది. లేదమ్మా, అబద్ధం, వస్తుంది, చెయ్యి ఆనిస్తే చాలు, టంకం వేయించవచ్చు, పడుతుందో లేదో తెలియదు, చూద్దాం, నువ్వు మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం. మాటలన్నీ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఇరుక్కున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. అమ్మ సంచిలో ఫోను మోగింది.

అమ్మ తీసి చూసింది. చూడగానే ముఖం మారింది. మారిందని అమ్మకే తెలియదు. "చెప్పు తల్లీ" అంది ఫోనులోకి, లేస్తూ. "వచ్చేస్తున్నా, అయిపోయింది పని. అన్నం తిన్నావా?" ముందుగదిలోకి వెళ్ళబోయి, అక్కడ నాన్నా నాయనమ్మా ఉన్నారని గుర్తొచ్చి ఆగి, వెనక్కి తిరిగి పెరటివైపు నడిచింది. అమ్మాయి గబగబా బటన్ నొక్కింది, మూల మీద అరచెయ్యి వేసి అదిమింది, దీపం, ఫ్యాను, గుర్తు. చుక్కలు తిరుగుతుండగానే ల్యాప్‌టాప్‌ని పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుని, చెయ్యి జారకుండా అదిమిపట్టుకుని, అమ్మ వెనకే నడిచింది. పెరటి గుమ్మం చేరేసరికి తెర తెరుచుకుంది, వెలుగు ఆమె గడ్డం మీద పడింది. అమ్మా అంది. నిజంగానే అంది, బయటికే వినిపించింది. అమ్మ గుమ్మం అవతల మెట్టు మీద నిలబడి తిరిగి చూసింది, ఆమెనూ, ఆమె చేతుల్లో వెలుగుతున్నదాన్నీ. చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, ఫోనులో మాటలు ఆమెకు వినిపించకుండా, చప్పుడు కాకుండా, తలుపు దగ్గరికి లాగి వేసేసింది.